కదలకుండా కూర్చున్నందుకు నలభై మార్కులు

కళ్ళజోళ్ళ వర్క్‌షాపు మేడమీద గది,
బుధవారం సాయంత్రం

అక్కకి,

నువ్వు ఫోన్ చేశావని కింద వాటా నర్సమ్మ గారు చెప్పారు. ఫోన్లో మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, నాకు ఏదీ చేతికి దొరకదు. ఆ సంగతి నీకు తెలుసు. అయినా ఏడాదికోసారి ప్రయత్నిస్తావు. ఈ ఏడాది కోటా అయిపోయింది కాబట్టి ఇక ఉత్తరాలే రాయి.

ఒక వార్త. నేను ఒక పరిశోధనలో చేరాను. నెలకోసారి వెళ్ళే డాక్టరు గారి గుమ్మం పక్కన కాగితం అంటించారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు కావాలట. కోపం, దిగులు, కంగారు వచ్చినప్పుడు వాళ్ళు ఎలా తట్టుకుంటారో తెలుసుకోవాలట. నాకు కోపం వస్తే జనం ఏం చేస్తారో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. నేనేం చేస్తానని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అందుకే సంతకం పెట్టేశాను.

మొన్న పిలిచారు. చిన్న గది, బల్ల, కుర్చీ, మూలన కెమెరా. ఒక అమ్మాయి మణికట్టుకి పట్టీ కట్టింది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో అది రాసుకుంటుంది. బల్ల మీద తాళం వేసిన ఇనప పెట్టె, పక్కన తాళంచెవి. పది నిమిషాల్లో తెరవమని చెప్పి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ముప్పై సెకన్లకోసారి గోడలోంచి బజర్ మోగుతూ ఉంది.

అక్కా, అర మిల్లీమీటరు తేడా చూసి ఫ్రేముల్లో అద్దాలు బిగించేవాణ్ణి. ఆ చెవి ఆ తాళానిది కాదని మొదటి నిమిషంలోనే తెలిసింది. చెప్దామంటే గదిలో మనిషి లేడు. మిగిలిన తొమ్మిది నిమిషాలూ బుద్ధిగా కూర్చున్నాను. ఊగలేదు, వేళ్ళు ఆడించలేదు, కూనిరాగం తీయలేదు. కాసేపయ్యాక నువ్వు నేర్పిన బొమ్మాట మొదలుపెట్టాను. రెండు చేతులూ తొడల కింద, చూపు ఎదుటి గోడ మీద, మొహం బొమ్మలా. ఇరవై ఏళ్ళైనా మర్చిపోలేదు.

నువ్వూ ఇలాంటి టేపులు చూసి మార్కులు వేసే ఉద్యోగమే కదా. నాలాంటివాళ్ళు ఎక్కువమంది వస్తారా? వాళ్ళు ఎన్ని నిమిషాలకి పెట్టె విసిరేస్తారు?

నీ తమ్ముడు


టేపుల గది, మూడో అంతస్తు,
మంగళవారం

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం చేరింది. పరిశోధనలో చేరావంటే సంతోషమే. మా దగ్గరి టేపుల గురించి చెప్పకూడదు, సంతకం పెట్టించుకున్నారు. ఎవరో పెట్టె విసిరారని నీకు రాశానంటే మా పరిశోధన నడిపే డాక్టరమ్మ నన్నే కిటికీలోంచి విసిరేస్తుంది.

ఇక్కడ అంతా మామూలే. పొద్దున తొమ్మిదికి తెర ముందు కూర్చుంటే సాయంత్రానికి కళ్ళు మండిపోతున్నాయి. చేతిలో ఒక మార్కుల పుస్తకం ఉంటుంది. నిమిషానికి నాలుగు మార్కులు. కదిలితే ఒకటి తగ్గించు, గొంతు పెంచితే రెండు తగ్గించు. కనబడిందే రాయాలి, ఊహించి రాయకూడదు.

నువ్వు బాగానే చేసుంటావులే. నువ్వెప్పుడు చెడగొట్టావని. తిండి సరిగా తింటున్నావా? మనిషి చిక్కిపోతే అద్దం బిగించే చెయ్యి వణుకుతుంది. ఆ నీలం చొక్కా కుడి చేతి బొత్తాం ఊడిపోయి ఎన్నాళ్ళైందో ఏమో, నర్సమ్మ గారిని అడిగితే కుట్టిపెడతారు. సిగ్గుపడకు.

నీ అక్క


వర్క్‌షాపు మేడమీద గది,
ఆదివారం ఉదయం

అక్కకి,

నీలం చొక్కా కొని రెండు నెలలు. నువ్వు నన్ను చూసి ఏడు నెలలు. బొత్తాం ఊడింది ఆ పెట్టె ముందు కూర్చున్న రోజు పొద్దున. చొక్కా గురించి నీకు నేను రాయలేదు. పాత ఉత్తరాల నకళ్ళు నా దగ్గరున్నాయి, అన్నీ తిరగేశాను.

అంటే నా టేపు నీ దగ్గరికే వచ్చిందన్నమాట. వస్తే వచ్చిందని చెప్పొచ్చు కదా. ఎందుకు దాచావు?

ఇంకో సంగతి. పోయిన శనివారం వాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చింది. పైన నా నంబరు, కింద ఇలా ఉంది: "ఉద్వేగాలను అదుపులో ఉంచుకునే శక్తి: చాలా బాగుంది. నలభైకి నలభై." బడిలో లెక్కల్లో తప్ప నాకెప్పుడూ పూర్తి మార్కులు రాలేదు. ప్రవర్తన అన్న గడిలో ఎర్ర సిరా తప్ప వేరే సిరా చూడలేదు. అందుకని కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మా మేస్త్రీకి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి రెండుసార్లు చదివాడు. "మరి ఇంత చేతనైనవాడివి ఇక్కడెందుకయ్యా రోజంతా ఆ ఊగుడు? కొట్లోకి వచ్చినవాళ్ళు అద్దంలోంచి నిన్నే చూస్తున్నారు. ఇకనుంచి ఇలాగే ఉండు" అన్నాడు.

ఆయన చెప్పింది సబబే. పది నిమిషాలు చేసినవాడు ఎనిమిది గంటలు ఎందుకు చేయలేడు? సోమవారం నుంచి మొదలుపెట్టాను. అద్దం బిగించేటప్పుడు చేతులు బయటికి, లేనప్పుడు తొడల కిందకి. మేస్త్రీ చాలా సంతోషంగా ఉన్నాడు.

ఆ నలభై నువ్వే వేశావా? నువ్వే అయితే థాంక్స్.

నీ తమ్ముడు


టేపుల గది, మూడో అంతస్తు,
గురువారం

నాన్నా,

దొరికిపోయాను. నీ కళ్ళు గప్పడం ఎవరి తరం.

అవును, నీ టేపు నాకే వచ్చింది. తెలిసిన మొహం కనబడితే టేపు ఆపి డాక్టరమ్మకి అప్పగించాలి, అది ఇక్కడి రూలు. నేను ఆపలేదు. ఏడు నెలల తర్వాత నిన్ను చూస్తున్నాను, చెయ్యి ఆడలేదు. మార్కులు మాత్రం పుస్తకం ప్రకారమే వేశాను, ఒక్కటి కూడా ఎక్కువ వేయలేదు. ఈ సంగతి ఎక్కడా అనకు. బయటపడితే నేను రెండేళ్ళుగా చూసిన టేపులన్నీ అనుమానంలో పడతాయి, నా ఉద్యోగమూ పోతుంది.

మేస్త్రీ మాట మాత్రం వినకు. ఆ పది నిమిషాలు వేరు, రోజంతా వేరు. నీకు ఊగాలనిపిస్తే ఊగు. చూసేవాళ్ళని చూడనీ. కూనిరాగం తీసుకో. నిన్నెవరూ ఉద్యోగంలోంచి తీసేయరు, నీ అంత కచ్చితంగా అద్దం బిగించేవాడు ఆయనకి ఎక్కడ దొరుకుతాడు? ఇది అక్కగా చెబుతున్నాను, వింటావు కదూ.

వెంటనే జవాబు రాయి. రెండు ముక్కలైనా చాలు.

అక్క


వర్క్‌షాపు మేడమీద గది,
శనివారం

అక్కకి,

జవాబు ఆలస్యమైంది. మూడు వారాలు. రాయాలంటే చెయ్యి తీయాలి, చెయ్యి తీస్తే మళ్ళీ లోపల పెట్టడం కష్టంగా ఉంటోంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ముందు నలభై వేశావు. తర్వాత అలా చేయొద్దంటున్నావు. పుస్తకం ప్రకారమే వేశానంటున్నావు. పుస్తకం కరెక్టయితే నేను చేస్తున్నది కరెక్టు. పుస్తకం తప్పయితే నలభై తప్పు. రెండూ ఎలా కుదురుతాయి? ఏది నిజమో ఒక్కటే చెప్పు.

ఈ వారం తొమ్మిది జతల అద్దాలు తప్పు కొలతకి అరగదీశాను. ఏడేళ్ళలో మొత్తం నాలుగే తప్పులు. మేస్త్రీ అరవలేదు. "మనిషి నెమ్మదించాడు, పని కూడా సర్దుకుంటుందిలే" అన్నాడు.

అలసట. ఈ మధ్య పొద్దున మెలకువ రాగానే, రాకపోతే బాగుండేది కదా అనిపిస్తోంది. రోజూ అనిపిస్తోంది. ఇది ఫిర్యాదు కాదు, ఉన్న విషయం చెబుతున్నాను. పరిశోధన వాళ్ళు పంపిన ప్రశ్నల కాగితంలో కూడా ఇదే ప్రశ్న ఉంది, "బతికి ఉండాలని లేదనిపించిందా" అని. సున్నా పెట్టాను. నలభైకి నలభై వచ్చినవాడు ఇంకో అంకె పెడితే, కాగితం వెనక్కి ఇమ్మంటారేమో అనుకున్నాను.

తమ్ముడు


కింద వాటా, నర్సమ్మ గారి వంటగది బల్ల,
సోమవారం, పొద్దున పదిన్నర

నాన్నా,

ఇవి నా మాటలు. అక్షరాలు నర్సమ్మ గారివి. నేను ఫోన్లో చెబుతుంటే ఆవిడ రాస్తున్నారు. నువ్వు ఫోన్ ముట్టుకోవు, ఉత్తరం పోస్టులో వేస్తే మూడు రోజులు. మూడు రోజులు ఆగేంత ధైర్యం నాకు లేదు. నీ ఉత్తరం పొద్దున రాగానే చదివాను.

ఏది నిజమని అడిగావు. పుస్తకం తప్పు. నలభై తప్పు. నేను నీకు పోయిన ఉత్తరంలో రాసింది సగం నిజం. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

టేపులో నాలుగో నిమిషం దగ్గర నీ చేతులు తొడల కిందకి వెళ్ళాయి. చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ ఆట నేను నేర్పిందే కదా. పెళ్ళి ఇంట్లో నువ్వు ఊగుతుంటే నాన్న చెయ్యెత్తాడు. నిన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, బొమ్మలా కూర్చుంటే దెబ్బలు పడవని నేర్పాను. నీకు ఎనిమిదేళ్ళు, నాకు పదిహేను. నువ్వు బొమ్మలా అయ్యావంటే లోపల నీకు భరించలేనంత అయిందని ఈ ప్రపంచంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసి కూడా ఆ గడిలో "ప్రశాంతం" అని రాశాను. పుస్తకం అలా రాయమంది నిజమే. పుస్తకం మీద నెట్టేయను. మా తమ్ముడికి ఫస్టు రావాలనిపించింది, అంతే. గర్వంగా ఉండింది రా నాకు.

(ఇక్కడ మీ అక్క ఏడుస్తోంది. ఇది రాయొద్దంది. నేను రాస్తున్నాను. – నర్సమ్మ)

ఇవాళ నీ మణికట్టు పట్టీ రాసిన కాగితం తీసి చూశాను. మార్కులు వేసేవాళ్ళం అది చూడకూడదు, అయినా చూశాను. గదిలోకి వచ్చినప్పుడు నీ గుండె నిమిషానికి డెబ్భై నాలుగు. నాలుగో నిమిషం నుంచి చివరిదాకా నూట ముప్పై ఎనిమిదికి తగ్గలేదు. నువ్వు కుర్చీలో కూర్చుని పరిగెడుతున్నావు నాన్నా. నేను చూస్తూ మార్కులు వేసుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడే వెళ్ళి డాక్టరమ్మకి అంతా చెప్పేస్తాను. తర్వాత బండెక్కుతాను. రేపు మధ్యాహ్నానికి నీ దగ్గరుంటాను. అంతవరకు నర్సమ్మ గారు నీ గది బయట మెట్ల మీద కూర్చుంటారు. మాట్లాడరు, ప్రశ్నలు అడగరు. నిన్ను నెలనెలా చూసే డాక్టరు గారికి కూడా ఆవిడే కబురు పెడుతున్నారు. కోప్పడకు. ఇవాళ పనిలోకి వెళ్ళకు.

అక్క

(బాబూ, నాకు అల్లిక పని ఉంది, మెట్ల మీద కూర్చుని చేసుకుంటాను. తలుపు గడియ పెట్టుకోకు, అదొక్కటే అడుగుతున్నాను.)


నీ తలుపు బయట, పై మెట్టు,
మంగళవారం, ఒంటిగంట

వచ్చాను. తలుపు తీయక్కర్లేదు. నర్సమ్మ గారు భోజనానికి కిందకి దిగారు, నేను కూర్చున్నాను. లోపలున్నావని ఒక్క అక్షరం రాసి కింద నుంచి తోయి.


లోపల,
ఒంటిగంటా ఐదు

ఉన్నాను.


బయట

గడియ పెట్టలేదుగా?


లోపల

పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టలేదు. నువ్వు లోపలికి రాకు. వస్తే నేను మొహం సర్దుకోవాలి. అంత ఓపిక లేదు.


బయట

రాను. సర్దుకోకు. పొద్దున లేచినప్పుడు అనిపిస్తుందని రాశావే, ఇవాళ కూడా అనిపించిందా? నాకు నచ్చే జవాబు రాయకు, ఉన్నది రాయి.


లోపల,
ఒంటిగంటా నలభై

చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. అనిపించింది. నిన్నటికంటే ఎక్కువ. నువ్వు చెప్పింది చదివాక నలభై కూడా పోయింది, ఇంకేం మిగల్లేదు అనిపించింది. పొద్దున అలా అనిపించినప్పుడు లేచి తలుపు దగ్గరికి వచ్చాను. అవతల నర్సమ్మ గారి అల్లిక సూదులు టిక్కుటిక్కుమంటున్నాయి. అవి వింటూ కింద కూర్చుండిపోయాను. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. ఊగుతున్నాను. నీ వైపు తలుపు కొంచెం కదులుతూ ఉంటుంది, అది నేనే.


బయట

కదులుతోంది. తెలుస్తోంది.

నాలుగింటికి డాక్టరు గారు వస్తున్నారు, ఇక్కడికే, మెట్ల దగ్గరికి. మాట్లాడక్కర్లేదు, రాసి ఇస్తే చాలన్నారు. ఇప్పుడు నాకు రాసిన కాగితాలే ఆయనకి ఇవ్వనా? నువ్వు వద్దంటే ఇవ్వను. కానీ ఇవ్వనివ్వు. బతిమాలుతున్నాను రా.


లోపల,
రెండూ పది

ఇవ్వు.

నువ్వు తలుపుకి ఆనుకుని కూర్చో. అప్పుడు నేను ఊగినా తలుపు చప్పుడు రాదు.


ఆఫీసు కింది అంతస్తు, సామాన్ల గది,
శుక్రవారం

నాన్నా,

నీ దగ్గర్నుంచి వచ్చేసి ఏడు వారాలైంది. పదకొండు రోజులు నీ గదిలో నేల మీద పడుకున్నాను, ఇంకా నడుం పట్టేసే ఉంది. మందులు మింగుతున్నావని, వారానికి రెండుసార్లు డాక్టరు గారి దగ్గరికి వెళుతున్నావని నర్సమ్మ గారు చీటీ పంపారు. నీ చేత్తో మాత్రం ఒక్క ఉత్తరం రాలేదు. రాయనందుకు తప్పు పట్టడం లేదు.

నా సంగతి చెబుతాను. డాక్టరమ్మకి చెప్పిన రోజు ఆవిడ చెయ్యి చాపి నా మార్కుల పుస్తకం తీసేసుకుంది. అరిస్తే బాగుండేది. మర్నాడు నన్ను టేపుల గది నుంచి తీసేశారు. ఇప్పుడు కింది అంతస్తులో పెట్టెలకి చీటీలు అంటిస్తున్నాను. నేను చూసిన నూట పన్నెండు టేపులూ పక్కన పెట్టారు. పైన నాతో పనిచేసినవాళ్ళు మెట్ల మీద ఎదురైతే గోడవైపు చూసి వెళ్ళిపోతున్నారు. తగిన శాస్తే.

కానీ ఆవిడ ఊరుకోలేదు. మార్కుల పుస్తకంలో "ప్రశాంతం" అని పడిన వాళ్ళందరి గుండె కాగితాలూ తెప్పించి ఒకటొకటి సరిచూసింది. నలభైకి ముప్పై ఎనిమిది దాటిన వాళ్ళు పందొమ్మిది మంది, అందులో పద్నాలుగు మందిది నీలాంటి పరుగే. వాళ్ళలో ఇంకెవరు ప్రశ్నల కాగితంలో సున్నా పెట్టి కూర్చున్నారో అని ఆవిడకి తిండి సహించడం లేదట. అందరి దగ్గరికీ మనుషుల్ని పంపింది. ఎవరి టేపు వాళ్ళకే చూపించి, ఏ నిమిషంలో ఏమైందో వాళ్ళనే చెప్పమని అడుగుతుందట. నీకూ కబురు వస్తుంది. ఇష్టం లేకపోతే వెళ్ళకు. నేను ఆ గదిలో ఉండను.

క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

అక్క


వర్క్‌షాపు మేడమీద గది,
బుధవారం సాయంత్రం

అక్కకి,

నిన్న వెళ్ళాను. నా టేపు చూశాను.

డాక్టరమ్మ ముప్పై సెకన్లకోసారి ఆపింది. ఆపినప్పుడల్లా నేను చెప్పాను, ఆవిడ రాసుకుంది. రెండో నిమిషం: బజరు పళ్ళలో మోగుతోంది. మూడో నిమిషం: పెట్టె వంక చూడటం ఆపేశాను, చూస్తే విసిరేస్తానని. ఐదో నిమిషం: ఇక్కడ అరుస్తున్నాను అని చెప్పాను. ఆవిడ కుర్చీ జరుపుకుని తెర దగ్గరికి వంగి చూసింది. అక్కడ ఒక మనిషి గోడకేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు. నేను ఊగుతూ చెప్పాను, నన్ను ఆపమనలేదు.

మేస్త్రీ నా బల్లని లోపలి గదిలోకి మార్చాడు. మారుస్తూ సణిగాడు, ఇంకా సణుగుతూనే ఉన్నాడు. ఈ నెలలో ఒక్క జత తప్పింది. పొద్దున లేచినప్పుడు అనిపించేది ఇంకా అప్పుడప్పుడు అనిపిస్తోంది. అనిపించిన రోజు డాక్టరు గారికి రాసి ఇస్తున్నాను. ఈ వారం రెండు రోజులు. పోయిన వారం నాలుగు. సున్నా అని నీకు రాయను.

ఇప్పుడు నీ సంగతి. క్షమించమన్నావు. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. బొమ్మాట నేర్పినందుకు కాదు. అప్పుడు పెళ్ళి ఇంట్లో నాన్న ఉన్నాడు, ఆయన చెయ్యి ఉంది, నీకు పదిహేనేళ్ళు. ఆ రోజు దెబ్బలు తప్పించావు, అది నాకు గుర్తుంది. కానీ అక్కా, టేపుల గదిలో నాన్న లేడు. కొట్టేవాడెవడూ లేడు. నువ్వొక్కదానివే ఉన్నావు, నీకొక్కదానికే తెలుసు. అయినా నలభై వేశావు. రోజంతా దాని గురించే ఆలోచిస్తున్నాను. నిన్న దారిలో పైకే అనేశాను, ఎవరో తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

కోపం తగ్గాక రాద్దామని ఏడు వారాలు చూశాను. తగ్గలేదు. ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. అంతదాకా ఆగితే నువ్వు అక్కడ కంగారు పడుతూ ఉంటావు, నర్సమ్మ గారు పాడైపోయిన మోకాళ్ళతో రోజుకి నాలుగుసార్లు ఏదో వంక పెట్టుకుని మెట్లెక్కుతూ ఉంటారు. అందుకని కోపంగా ఉండగానే రాస్తున్నాను.

ఆదివారం రా. తలుపు తీస్తాను. కోపంగానే తీస్తాను.

నీ తమ్ముడు